కరెంటు లేని మైకు

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. కారణం చాలా సులువు. నేనే కొన్ని దయ్యాల్ని తయారుచేశాను. ఎర్రమంజిల్ ఆఫీసులో పనిచేసే రోజుల్లో రికార్డు రూములో తెల్లచీర ఆవిడ ఎవరో తిరుగుతుందని పుకారు పుట్టించింది నేనే. భోజనం తర్వాత అక్కడ కాస్త నడుం వాల్చేవాణ్ణి, ఎవరూ రాకుండా ఉండాలని. నేను రిటైరైపోయినా ఆవిడ మాత్రం ఇంకా అక్కడే ఉద్యోగం చేస్తోందని విన్నాను.

అక్కడ ఆఫీసరుగా చేసి రిటైరయ్యాను. ఆఫీసరంటే, సూపరింటెండెంటు. సరే, ఉన్నమాట చెప్పేస్తాను, సీనియర్ అసిస్టెంటు. నాకిలా కాస్త పెంచి చెప్పే అలవాటుంది. "ఆయన చెప్పినదాంట్లో సగం తీసెయ్యండి, మిగిలిన సగం నన్నడగండి" అంటుంది మా ఆవిడ రాజ్యలక్ష్మి. అందుకని ఇక్కడ ఎక్కడెక్కడ పెంచానో నేనే చెప్పేస్తాను. ఆఖర్న మిగిలేది మాత్రం నిజం. ఆ మిగిలినదే నాకు అర్థం కాలేదు.

నా దగ్గర పాత వాల్వుల ఆంప్లిఫయరు ఒకటి ఉంది. నైజాం కాలం నాటి నవాబుల దేవిడీ నుంచి వచ్చిందని ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెబుతుంటాను. అది అబద్ధం. కృష్ణానగర్లో సినిమాలకి సౌండు పనిచేసి మానేసినాయన ఇల్లు ఖాళీ చేస్తూ అమ్మితే కొన్నాను. కానీ దాని పాట గురించి నేను చెప్పేది అబద్ధం కాదు. వాల్వులు వేడెక్కి నారింజ రంగులో వెలిగాక, పాడే మనిషి పల్లవికి ముందు ఊపిరి పీల్చుకోవడం వినిపిస్తుంది. ఇవాళ్టి పెట్టెల్లో పాట వినబడుతుంది గాని మనిషి వినబడడు.

ఒకరోజు అది గుర్రుమని మూలిగి ఆగిపోయింది. అప్పట్నుంచీ నా తిప్పలు మొదలయ్యాయి.

వాల్వుల సామాను ముట్టుకునేవాళ్ళు ఇప్పుడు తక్కువ. మొదట ఇచ్చినాయన బాగుచేశానని తిరిగిచ్చాడు. ఇంటికి తెచ్చి చూస్తే మూలుగు అలాగే ఉంది, ముందువైపు ఇత్తడి నాబులు మాత్రం లేవు. రెండో ఆయన మూత తీసి చూసి, "దీన్ని షోకేసులో పెట్టుకోండి సార్, అందంగా ఉంటది" అన్నాడు. మూడోవాడు యాదగిరి.

యాదగిరి షాపు అమీర్‌పేటలో ఒక కాంప్లెక్స్ సెల్లార్లో ఉంటుంది. పైన అంతస్తులన్నీ కంప్యూటర్ కోచింగ్ సెంటర్లు. కాంప్లెక్స్ పేరు రాయను, వాళ్ళు బతకాలి. యాదగిరికి పని వచ్చు. ఆ సంగతి అందరూ ఒప్పుకుంటారు. కానీ మాటుంది చూశారూ, అదే లేదు. "శనివారం రా సార్, పక్కా" అన్నాడు మొదట. శనివారం పోతే, "ట్రాన్స్‌ఫార్మర్ వైండింగుకి పంపిన సార్, సికింద్రాబాద్" అన్నాడు. ఆ తర్వాత, "వైండింగ్ చేసేటోడు ఊరికి పోయిండు సార్. వాళ్ళ మరదలి పెండ్లి." ఇంకోసారి వెళ్తే ఆ మరదలికి కాన్పు. ఇది మాత్రం నేను పెంచింది. కానీ అంత దూరమూ వచ్చింది వ్యవహారం.

వాడికొక ఉపాయం ఉంది. కోపంగా ఉన్న గిరాకీ మెట్ల మీద కనబడగానే చటుక్కున బయటికొచ్చి, షట్టర్ లాగి తాళం వేసి, వెనక ర్యాంపు మీదుగా మాయమవుతాడు. నేనే రెండుమూడుసార్లు వాడి వీపు చూసి తిరిగొచ్చాను.

ఇక్కడ ఇంకొక సంగతి చెప్పాలి. ఈ రాకపోకలేవీ మా ఆవిడకి తెలియవు. ఆ పెట్టె ఒకసారి ఆవిడకి షాకు కొట్టింది. "అది మళ్ళీ అటక దిగిందంటే నేను బయటికి" అని తేల్చి చెప్పేసింది. అటక మీద ఉందని అనుకుంటోంది పాపం. షాపు ఎక్కడో, యాదగిరి ఎవరో, ఆవిడ విననైనా లేదు. ఇది గుర్తుపెట్టుకోండి.

ఆ రోజు ఆవిడ కళ్ళ పరీక్షకి పంజగుట్టలో ఒక కంటి ఆస్పత్రికి వెళ్ళాం. శుక్లాలు ముదిరాయి, ఆపరేషన్ ఎప్పుడో తేల్చుకోవాలి. మీలో చాలామందికి తెలిసే ఉంటుంది, పెద్ద పరీక్షకి ముందు కళ్ళలో చుక్కలు వేసి హాల్లో వరసగా కూర్చోబెడతారు. కళ్ళు తెరవకూడదు. నర్సమ్మ వచ్చి మళ్ళీ వేస్తుంది, మళ్ళీ మూసుకోమంటుంది. అలా ఒక మధ్యాహ్నం గడిచిపోతుంది. హాల్లో ఆ వరసని చూస్తే అందరూ కలిసి జపం చేస్తున్నట్టుంటుంది.

నాకు కూర్చుంటే కాళ్ళు ఊరుకోవు. పక్కనే కదా అమీర్‌పేట అనిపించింది. ఆవిడ కళ్ళు మూసుకునే ఉంది, ఇంతకంటే మంచి అవకాశం దొరకదు. "కాస్త మజ్జిగ తాగి వస్తాను" అన్నాను.

"భోజనం వేళైంది. మాత్ర వేసుకున్నారు పొద్దున, గుర్తుందా? ఏదైనా తినండి" అంది.

నాకు షుగరు. సరే అని, నా ఫోను మెల్లిగా ఆవిడ హ్యాండ్‌బ్యాగులో వేసేశాను. నా దగ్గరుంటే చేస్తుంది, చేస్తే ఎక్కడున్నానో చెప్పాలి. ఆటో ఎక్కేటప్పుడు ఈ తెలివికి నన్ను నేనే మెచ్చుకున్నాను.

సెల్లార్లోకి దిగేసరికి షట్టర్ ఎత్తే ఉంది. ఫ్యాను తిరుగుతోంది. యాదగిరి లేడు, చాయ్‌కి పోయినట్టున్నాడు. కౌంటరు వెనక ప్లైవుడ్ అడ్డు, దాని వెనక సామాను గది. వైండింగు మాట పచ్చి అబద్ధమని నాకు ఎప్పట్నుంచో అనుమానం. చుట్టూ చూసి, కౌంటరు చెక్క ఎత్తి లోపలికి దూరాను.

నేలనుంచి పైదాకా ర్యాకులు, వాటి నిండా రేడియోలు, రికార్డ్ ప్లేయర్లు, టేప్‌రికార్డర్లు, మూతలు లేనివి, బటన్లు లేనివి, వైర్లు బయటికి వేలాడేవి. ఒక్కోదాని మీద ఎవరో ఒకరి పేరు సుద్దముక్కతో రాసి ఉంది. వీళ్ళందరికీ శనివారం రమ్మని చెప్పి ఉంటాడు.

కింది అరలో దొరికింది నాది. మా ఆవిడ పాత చీర ముక్కలో చుట్టి ఇచ్చాను. నేను వేసిన ముడి నేను వేసినట్టే ఉంది. విప్పి కూడా చూడలేదు వాడు. నేల మీద చతికిలపడి ఆ ముడి విప్పుతున్నాను, యాదగిరి ఎప్పుడు తిరిగొచ్చాడో చూసుకోలేదు.

అప్పుడు వినబడింది మెట్ల మీద గొంతు. "యాదగిరీ, ఇయ్యాల నువ్వన్న ఉండాలె, నేనన్న ఉండాలె." వెంటనే షట్టరు దడేల్మని కిందికి దిగింది. తాళం పడ్డ చప్పుడు. ర్యాంపు వైపు పరుగు. దాని వెనకే తిట్లు.

ఆ క్షణంలోనే అరిచి ఉండాల్సింది. కానీ కౌంటరు వెనకున్నాను, చేతిలో మూట ఉంది. పెద్దమనిషిని దొంగలా కనబడతానేమోనని, ఏం చెబితే బాగుంటుందా అని ఆలోచించాను. మర్యాదగా ఉండే మాట ఒకటి తట్టేసరికి బయట ఎవరూ లేరు.

అదే సమయానికి కరెంటు పోయింది.

ఫ్యాను ఆగింది. ట్యూబులైటు ఆరింది. గోడ అవతల కోచింగ్ సెంటర్ల జనరేటరు స్టార్టయింది. యాదగిరి షాపుకి ఆ లైను లేదు, చప్పుడు మాత్రం ఉంది. గోడలు వణికేంత చప్పుడు. షట్టర్ని రెండు చేతులతో కొట్టాను. నా దెబ్బ నాకే వినబడలేదు. అరిచాను. గొంతు బయటికి వచ్చిందో లేదో కూడా తెలియలేదు. షట్టరు కింద సన్నటి వెలుతురు గీత ఒకటి. అంతే.

డీజిల్ పొగ ఆ గీతలోంచే లోపలికి వస్తోంది. చొక్కా వీపుకి అంటుకుపోయింది. నిలబడితే తల తిరుగుతోంది, కూర్చుంటే గాలి ఆడట్లేదు. కాసేపటికి చేతులు సన్నగా వణకడం మొదలుపెట్టాయి. ఆ వణుకు నాకు తెలుసు. మాత్ర వేసుకున్నాను, తిండి తినలేదు. జేబులో ఎప్పుడూ ఉండే చాక్లెట్టు ఆ రోజు లేదు. వెతుక్కుంటే రుమాలు, ఇంటి తాళంచెవి దొరికాయి.

అన్నిటికంటే నన్ను కోసేసింది మా ఆవిడ ఆలోచన. పరీక్ష అయిపోతుంది, బయటికి పంపేస్తారు. ఆ చుక్కలు వేసిన కళ్ళకి సాయంత్రందాకా అన్నీ తెల్లగా అలుక్కుపోయి కనబడతాయి. నాకు ఫోను చేస్తుంది. అది ఆవిడ సంచిలోనే మోగుతుంది. ఆవిడ కూర్చునే రకం కాదు. మజ్జిగ తాగడానికెళ్ళి పడిపోయాననుకుని నన్ను వెతుక్కుంటూ రోడ్డు మీదకి వెళ్తుంది. పంజగుట్ట రోడ్డు మీదకి, ఏమీ కనబడకుండా. ఆపేవాడు నేనొక్కణ్ణే. నేనేమో ఇక్కడ, నా తెలివితో నాకు నేనే తాళం వేసుకుని.

షట్టరు పక్కన పని బల్ల ఉంది. దాని మీద మైకు ఆంప్లిఫయరొకటి, సభల్లో, ఆఫీసుల్లో పెట్టేది. వంచడానికి వీలుగా ఉండే కాడకి మైకు. కరెంటు లేదు, స్పీకరు లేదు. అయినా చేతికి అది తగలగానే పట్టుకున్నాను. మునిగేవాడు ఏదైనా పట్టుకుంటాడు.

గొంతు సవరించుకుని, ఎగ్జిబిషన్లో తప్పిపోయినవాళ్ళ కోసం చేస్తారే, ఆ ఫక్కీలో అనౌన్సు చేశాను. "అందరికీ నమస్కారం. మధురానగర్ వాస్తవ్యులు, రిటైర్డ్ ఆఫీసరు గారు తప్పిపోయారు. గుర్తులు, తెల్ల జుట్టు, చూడగానే గౌరవం కలిగే ముఖం. వారు ప్రస్తుతం అమీర్‌పేటలో ఫలానా కాంప్లెక్స్ సెల్లార్లో, రిపేరు షాపులో, తోటి పాత సామాన్లతో కలిసి శనివారం కోసం ఎదురుచూస్తున్నారు. శ్రీమతి రాజ్యలక్ష్మి గారు ఎక్కడున్నా వెంటనే వచ్చి, గుర్తుపట్టి, తీసుకుపోవలసిందిగా కోరుతున్నాం." ఇదంతా అని, మైకు ఎర్రదీపం ఒక్కసారి వెలిగి ఆరడం చూశాను.

ఆ తర్వాత ఎంతసేపు గడిచిందో చెప్పలేను. ఎప్పటికో షట్టరు పైకి లేచింది.

వెలుతుర్లో మొదట కనబడింది రెండు నల్ల కళ్ళజోళ్ళు. ఆస్పత్రిలో ఇచ్చేవి, అట్టముక్కలవి. ఒకటి మా ఆవిడకి. రెండోది, ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకుని నిలబడ్డ ఇంకో పెద్దావిడకి. వాళ్ళ పక్కన కాంప్లెక్స్ వాచ్‌మాన్, వాడి వెనక తల గోక్కుంటూ యాదగిరి.

"నువ్వు లోపల్నే ఉంటివా సార్? జర ఆవాజ్ ఇయ్యొద్దా?" అన్నాడు యాదగిరి, తప్పు నాదే అన్నట్టు.

మా ఆవిడ నావైపు కాకుండా నా పక్కనున్న ర్యాకువైపు చూస్తూ, "మజ్జిగ తాగారా?" అంది.

రెండో ఆవిడ కొంగు ముడిలోంచి బెల్లం ముక్క తీసి నా చేతిలో పెట్టింది. పేరు భూలక్ష్మమ్మ, యూసుఫ్‌గూడ. హాల్లో మా ఆవిడ పక్క కుర్చీ. ఇద్దరికీ అప్పుడే పరిచయం.

"తిను సార్, చేతులు వణుకుతున్నయ్" అంది. తర్వాత మా ఆవిడతో, "దొరికిండు గద, ఇగ ఫికర్ లేదు. గట్ల స్పీకర్ల పిలుస్తుంటే రాకుంట ఎట్లుంటం?"

ఏ స్పీకరని అడిగాను.

"ఆస్పత్రి హాల్ల ఉన్నది గద, గోడ మీద. నువ్వే పిలిచి నువ్వే అడుగుతున్నవ్."

కళ్ళు మూసుకుని కూర్చున్న మా ఆవిడకి హాల్లో స్పీకర్లోంచి నా గొంతు వినబడింది. కాంప్లెక్స్ పేరు, సెల్లారు, రిపేరు షాపు, అన్నీ. పక్కనున్న భూలక్ష్మమ్మకీ వినబడింది. ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, పరీక్ష వదిలేసి, ఆటో ఎక్కి వచ్చేశారు. వాచ్‌మాన్‌ని పట్టుకుని షట్టరు మీదున్న నంబరుకి ఫోను చేయించారు. అది యాదగిరి ఎత్తడని వాచ్‌మాన్‌కి తెలుసు, వాడి అసలు నంబరుకి చేశాడు. పై వీధిలో చాయ్ దగ్గరే ఉన్నాడట వాడు.

నేను బల్ల వైపు తిరిగాను. షట్టరు ఎత్తిన వెలుతుర్లో మైకు ఆంప్లిఫయరు పక్క రేకు మీద తెల్ల పెయింటు అక్షరాలు కనబడ్డాయి. ఆ కంటి ఆస్పత్రి పేరు. కింద "ఓపీ హాలు".

"గా మైకు వాళ్ళదే సార్. మస్తు దినాలాయె ఇచ్చి" అన్నాడు యాదగిరి.

పనిచేస్తుందా అని అడిగాను. వాడు నవ్వి దాన్ని నావైపు తిప్పాడు. వెనక మూత లేదు. లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఉండాల్సిన చోట నాలుగు బోల్టు రంధ్రాలు, తెగిన వైర్లు. "తీసి వేరేదాన్ల ఏసిన సార్. అర్జెంటుండె."

అది ఖాళీ డబ్బా. కరెంటు ఉన్నా పలికేది కాదు.

మళ్ళీ పరీక్షకి వెళ్ళినప్పుడు నేను ఆస్పత్రిలో విచారించాను. దయ్యాల్ని తయారుచేసినవాణ్ణి కాబట్టి ఎవరైనా నన్ను ఆటపట్టిస్తున్నారేమోనని నా అనుమానం. హాల్లో గోడ మీద స్పీకర్లున్నాయి. అవి పలికి చాలాకాలమైందని రిసెప్షన్ అమ్మాయి చెప్పింది. "ఆంప్లిఫయర్ రిపేరుకి పోయిందండి, తిరిగి రాలేదు. పేర్లు మేమే నోటితో పిలుస్తున్నాం." ఆ రోజు తనకేమీ వినబడలేదంది. కళ్ళు తెరుచుకుని ఉన్నవాళ్ళెవరికీ వినబడలేదు.

నర్సమ్మకీ వినబడలేదు. కానీ ఆవిడకొకటి గుర్తుంది. చుక్కలు వేస్తూ ఉంటే వరసలో ఉన్న వాళ్ళందరూ ఒకేసారి తలెత్తారట, కళ్ళు మూసుకునే. కాసేపటికి మళ్ళీ ఎత్తారట. అప్పుడు మా ఆవిడ లేచి నిలబడింది. ఆపబోతే ఆగలేదు.

మా పార్కు మిత్రులకి ఇది చాలాసార్లు చెప్పాను. చెప్పిన ప్రతిసారీ కొంచెం పెరిగింది. ఇప్పుడు మాటిచ్చిన ప్రకారం తీసేస్తాను.

మైకు ఎర్రదీపం వెలగలేదు. అది నేను తగిలించింది.

ఆ అనౌన్సుమెంటు కూడా అబద్ధం. ఇంటికొచ్చాక తీరిగ్గా కూర్చుని తయారుచేశాను. ఆ చీకట్లో నాకు హాస్యం తోచలేదు. మైకు రెండు చేతులతో పట్టుకుని, నోటికి ఆనించుకుని, ఏడుస్తూ నేనన్నది ఇంతే. "రాజ్యం, అమీర్‌పేటలో ఫలానా కాంప్లెక్స్ కింద రిపేరు షాపులో ఇరుక్కుపోయాను. నాకు భయంగా ఉంది. వచ్చెయ్యి."

రాజ్యం అని పెళ్ళయిన కొత్తలో పిలిచేవాణ్ణి, మధురానగర్లో ఒంటిగదిలో అద్దెకున్నప్పుడు. పిల్లలు పుట్టాక ఆ పిలుపు పోయింది. ఏమోయ్ అయింది, ఇదిగో అయింది. మా పిల్లలకి కూడా ఆ పేరు తెలియదు. హాల్లో భూలక్ష్మమ్మ మా ఆవిడ మోచెయ్యి పొడిచి, "రాజ్యమంటె నువ్వేనామ్మా?" అని అడిగిందట. ఇంటికొచ్చాక మా ఆవిడ నాకిది చెబుతూ మొహం పక్కకి తిప్పుకుంది.

యాదగిరి నా ఆంప్లిఫయరుని భయపడి అప్పటికప్పుడు బాగుచేసిచ్చాడని కూడా మిత్రులతో అన్నాను. ఇవ్వలేదు. ఇంకా అక్కడే ఉంది. శనివారం రమ్మన్నాడు.

ఇక మిగిలింది ఒక్కటి.

"మొదటిసారి వినబడినప్పుడు కునుకు పట్టిందేమో, కల అనుకున్నాను. లేవలేదు" అంది మా ఆవిడ. "రెండోసారి పిలిచేసరికి ఇక ఉండలేకపోయాను. అంత గట్టిగా ఎప్పుడూ పిలవలేదు మీరు."

భూలక్ష్మమ్మని విడిగా అడిగాను. ఆవిడా అదే మాటంది. "రెండుమార్లు పిలిచినవ్ సార్. మొదలు మెల్లగ, ఏడ్సుకుంట. తర్వాత గట్టిగ, మంచిగ." నర్సమ్మ చూసిన తలలు కూడా లేచింది రెండుసార్లే.

నేను పిలిచింది ఒక్కసారి. ఆ మాటలు అన్నాను, అంతే. మైకు బల్ల మీద పెట్టేసి, కింద కూర్చుని, మోకాళ్ళలో తల పెట్టుకున్నాను. షట్టరు లేచేదాకా మళ్ళీ నోరు తెరవలేదు. పెంచి చెప్పేవాణ్ణే గాని, తగ్గించి చెప్పే అలవాటు నాకు లేదు.

ఒక్క పిలుపైతే ఏదో ఒకటి చెప్పుకుని సర్దుకునేవాణ్ణి. షుగరు పడిపోయి నేను భ్రమపడ్డాననో, ముసలి దంపతులకి ఒకరి మనసు ఒకరికి తెలుస్తుందనో. కానీ నా పిలుపుకి రాజ్యం లేవలేదు. ఆవిడ లేచింది రెండోదానికి. ఆ రెండోది ఎవరు పిలిచారో నాకు తెలియదు. ఆవిడకి మాత్రం, రెండూ నేనేనని చెప్పాను.